పన్నెండు తెరలు

కాఫీ పొట్లం మళ్ళీ చిక్కిపోయింది.
ధర మాత్రం కడుపునిండా తిన్నట్టు నిగనిగలాడుతోంది.
అరకిలో ఉండేది, ఇప్పుడు నాలుగొందల యాభై గ్రాములు.
ఆ యాభై గ్రాములు ఎవరు తాగారమ్మా అని
కౌంటరు దగ్గర పిల్లనడిగితే
"రసీదు కావాలా?" అంటుంది.

నా పేరు తౌనో. ఉండేది తాంపెరేలో.
ముప్పై ఒక్కేళ్ళు కాగితం మిల్లులో చేశాను గనక
పేపరు పలచబడితే ముందు నా బొటనవేలికి తెలుస్తుంది.
ఈ మధ్య మంగళవారాలు రావడమే మానేసింది.
మంగళవారం ఈ ఊళ్ళో ఎవరూ చచ్చిపోరు కాబోలు.
ఆటల పేజీ ఉంది, లేదని అబద్ధమాడను.
సగం పేజీ పరుపుల ప్రకటన,
మిగతా సగం మా గోల్‌కీపరు కొత్త కుక్కపిల్ల.
రాత్రి ఎవరు గెలిచారయ్యా అంటే
ఆట ముగిసేలోపే పేజీ అచ్చుకి వెళ్ళిపోయిందట.

ఇక ఖాళీ సీసాలు తీసుకునే మిషను.
సీసాని నోట్లో పెట్టుకుంటుంది,
అటూ ఇటూ తిప్పి చూస్తుంది,
ఉమ్మేస్తుంది.
మా అత్తగారు బతికున్నన్నాళ్ళూ
నా చేపల సూపుని ఇలాగే చేసింది.

రేడియోలో ఒకాయన ఉండేవాడు.
గోలు పడబోయే ముందు
చిన్నగా ఊపిరి పీల్చేవాడు, అంతే.
అది వినపడగానే వంటింట్లోంచి మా ఆవిడ
గరిట పట్టుకునే పరిగెత్తుకొచ్చేది.
నేలమీద పడ్డ చుక్కలు తుడిచేవాణ్ణి నేను.
ఆయన లేడు. ఆవిడ లేదు.
రేడియోలో ఆటా లేదు.
చూడాలంటే నెలకి ముప్పై నాలుగు యూరోలు కట్టాలి.
దాంతోపాటు నేనడగని గోల్ఫు, నేనడగని గుర్రాలు,
ఎక్కడో ఎండలో ఎవరో ఆడుకునే టెన్నిసు.
గరిటెడు పులుసు అడిగితే
కుండా పొయ్యీ కూడా కొనమన్నట్టు.

అందుకని శనివారాలు
సంతలో నిలబడి నల్ల సాసేజీ తిని
(జాముకి వేరే డబ్బులట ఇప్పుడు, అదింకో కథ)
బూట్లకంటిన మంచు దులుపుకుని
ఎలక్ట్రానిక్స్ దుకాణంలోకి వెళ్తాను.
ఐదింటికి ఆట.
నవంబరులో మాకు మూడున్నరకే చీకటి,
అప్పట్నించీ వెలుతురున్న చోటల్లా దుకాణమే.

గోడ నిండా పన్నెండు టీవీలు, అన్నీ మూగవి.
అన్నిట్లో ఒకటే మంచు, ఒకటే హాకీ,
కానీ ఒక్కోటి ఒక్కో రెప్పపాటు వెనక.
మూడోదాంట్లో మనమీద గోలు పడిపోతుంది.
ఏడోదాంట్లో ఇంకా పడుతూ ఉంటుంది.
పదకొండోదాంట్లో మావాళ్ళు
ఇంకా ఆశతో కర్రలూపుతూ ఉంటారు.
నేనెప్పుడూ పదకొండోదాని ముందే నిలబడతాను.

పోయిన వారం నా పక్కన ఆర్వో.
రెండు కళ్ళలోనూ శుక్లాలు, ఆపరేషనుకి వరసలో ఉన్నాడు.
తెర మీద తెల్లటి మసక, అందులో ఈగలు,
అంతే కనిపిస్తుందట.
"ఏమవుతోంది?" అన్నాడు.
ఏమీ కావట్లేదు అన్నాను.
"ఇప్పుడు?"
చెప్పడం మొదలుపెట్టాను.
ఎడమ మూల నుంచి మనవాడు, పొట్టివాడు,
తోసేశాడు, లేచాడు, కర్ర ఉంది, పక్ దొరికింది...
వాషింగ్ మిషను కొనడానికొచ్చిన జంట
తలుపు తెరిచి పట్టుకుని అలాగే ఆగిపోయింది.
ఓరకంట మూడో టీవీ చూశాను.
చూసి,
చిన్నగా ఊపిరి పీల్చాను.
నాకు తెలీకుండానే.
ఆర్వో నా చొక్కా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

ఒకటే గోలు. ఆ తర్వాత నాలుగు తిన్నాం.

దుకాణం కుర్రాడు యూసో మంచివాడు,
"ఏమైనా కావాలా?" అని ఆట అయ్యాకే అడుగుతాడు.
ఊరికే వెళ్ళిపోతే బాగుండదని
నాలుగు బ్యాటరీలు కొన్నాను.
ఇంట్లో సొరుగు నిండా అవే,
ఆట రాని రేడియో కోసం.

ట్రాము కోసం నిలబడ్డాం.
చాలాసేపు ఏమీ అనలేదు ఆర్వో.
తర్వాత అన్నాడు:
"గోల్‌కీపరుని మరీ అన్ని తిట్లు తిట్టకయ్యా.
చిన్న కుక్కపిల్ల.
రాత్రుళ్ళు నిద్రపోనివ్వదు."